చేదు నెఱిగిన కణములు

ఉగాదినాడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో వేపపూత వేయని పచ్చడి యుండదు. ఒకే కుండలోని దానిని అన్న నవ్వుచు త్రాగును. తమ్ముడు మొగము చిట్లించును. ఇందుకు అలవాటు కొంత, పుట్టుక కొంత కారణము.

1931 ప్రాంతమున అమెరికాలో ఫాక్స్ అను రసాయనశాస్త్రజ్ఞుని చేతినుండి ఒక పొడి గాలిలో నెగిరెను. తోటివానికది మిక్కిలి చేదు. ఆయనకు రుచియే తెలియలేదు! ఆ భేదమునకు మూలమైన జన్యువు 2003లో బయటపడెను.

చేదును గుర్తించు గ్రాహకముల జన్యువులు మనకు సుమారు 25 గలవు. ఆ గ్రాహకములు నాలుకయందే కాక ముక్కున, ఊపిరితిత్తులలో, ప్రేగులలో, తుదకు నోటి రాచపుండు, అనగా క్యాన్సరు కణములయందును కానవచ్చినవి. ప్రయోగశాలలో చేదు పదార్థములతో వానిని మేల్కొల్పగా కణములో కాల్షియము పెరిగి, దానికి శక్తినిచ్చు మైటోకాండ్రియాలు చెడి, కణము తనంత తానే నశించెను. పన్ను తీయుటకుముందు తిమ్మిరికై దంతవైద్యులు వాడు లిడోకేయినును ఇట్టి పని చేయునని 2023లో తేలినది.

కాకరకాయ తిన్నచో క్యాన్సరు మానునని దీని యర్థము కాదు. గాజుపాత్రలోని కణము వేఱు, మనుష్యుడు వేఱు. మన దేశమున నోటి క్యాన్సరునకు ముఖ్యకారణము పొగాకు. దానిని నమలి నోట పుండు పడినవారిని మా ప్రాంతమున నెఱుగుదును. వారములు గడచినను మానని ఆ పుండును వైద్యునకు చూపరైరి. కూర చప్పగా నున్నదని మాత్రము ఇంట చెప్పుచుండిరి.