హేమంతమున కూరమడి

ఏడాదిలో ముక్కాలు భాగము ఎండతోడను వానతోడను పెనగులాడి కూరగాయలు పండించుకొను తెలుగునాట, కార్తికము ప్రవేశించినది మొదలు మాఘము ముగియువరకును గల కాలము, తోటపనికి కొత్తగా పూనుకొనువారికి ప్రకృతి అనుగ్రహించిన గడువు. వేసవిలో పూటపూటకు నీరు పోసినను తలవాల్చు మొక్క ఈ నెలలలో ఒకనాడు మరచినను బ్రదికియుండును. మొలకలను ముంచి కుళ్లించు జడివానలును, ఆకు కనబడుటయే తడవుగా విరుచుకొనిపడు పురుగులును చాలవరకు తగ్గియుండును. హైదరాబాదున డిసెంబరు రాత్రులు 15 డిగ్రీల చాయలకును, విజయవాడలో ఇంచుమించు 19 డిగ్రీలకును వేడిమి దిగును గాని, లంబసింగి వంటి మన్యపు గ్రామములను విడిచినచో, హిమపాతమునకు మొక్కలు మాడిపోవునను భయము మనకు లేదు. శీతలదేశములవారు గాజుటిండ్లు కట్టి వెచ్చదనమును ధనమిచ్చి కొనుక్కొనుచుండగా, మనకు ఆకాశమే ఆ పనిని ఊరక చేసిపెట్టుచున్నది. కావున అల్పవ్యయముతో కూరమడి వేయగోరువారు మొట్టమొదట గ్రహింపవలసినదేమనగా, ఈ ఋతువున పెట్టుబడిలో పెద్దపాలు వాతావరణమే భరించును. మిగిలిన చిన్నపాలును కుండీలమీదను పనిముట్లమీదను గాక మట్టిమీద వెచ్చింపవలెను.

విత్తుటకు అదను ప్రాంతమునుబట్టి మారును. తెలంగాణమున నైరృతి ఋతుపవనము దసరా దినములకు ఇంచుమించు సెలవు తీసికొనును గనుక అక్కడివారు దీపావళికి ముందే విత్తనములు చల్లవచ్చును. కోస్తాలో, విశేషించి నెల్లూరు, ప్రకాశము జిల్లాలలో, ఈశాన్య ఋతుపవనపు వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియుచునే యుండును. ఆ నడుమ బంగాళాఖాతమున పుట్టు తుపానులలో ఒక్కటి ఇటు తిరిగినను లేతమొలకలన్నియు మట్టిలో కలిసిపోవును. అచటివారు నారును వసారాలో పెంచుకొని, వానలు తెరపియిచ్చిన పిమ్మట బయట నాటుకొనుట మేలు.

స్థలము నెన్నుకొనునప్పుడు పెక్కుమంది చేయు పొరపాటొకటి కలదు. వేసవిలో ఏ మూల ఎండ పడినదో జ్ఞప్తియందుంచుకొని శీతకాలమునను ఆ మూలనే తొట్లు పెట్టుదురు. దక్షిణాయనము ముగియవచ్చు ఈ దినములలో సూర్యుడు మన నడినెత్తికి రానేరాడు. హైదరాబాదున డిసెంబరు మూడవ వారములో మిట్టమధ్యాహ్నమునకు సైతము దక్షిణపు దిక్కున 49 డిగ్రీల ఎత్తుననే నిలిచి, అటునుండి అటే పడమటికి వాలిపోవును. జూన్ మాసమున ఆయనయే నడినెత్తిని దాటి రవంత ఉత్తరమునకు మొగ్గును. అందుచేత ఉత్తరముఖముగా నున్న బాల్కనీకి జూన్‌లో తగులు ఎండ డిసెంబరులో బొత్తిగా తగులదు. దక్షిణముఖముగా నున్న దాని సంగతి ఇందుకు విపరీతము. డాబామీదనైనను ఇదియే లెక్క: దక్షిణమున మూడడుగుల పిట్టగోడ యున్నచో మధ్యాహ్నమున దాని నీడ సుమారు రెండున్నర అడుగులు పరచుకొనును గనుక, ఆ గోడకానించి పెట్టిన తొట్టి ఎంత సారవంతమైన మట్టితో నిండినను దినమెల్ల చీకటిలో నున్నట్లే. ఉత్తరపు గోడ వెంబడి వరుసగా పెట్టినచో ఈ చిక్కు లేదు. ఆకుకూరలకు దినమునకు 4 గంటల ఎండ చాలును. కాయలు కాయవలసినవానికి 6 గంటలు కావలెను.

కుండీల విషయమున అధికముగా చెప్పవలసినది లేదు. గోడలకు పూయు రంగుల డబ్బాలు, చిల్లిపడిన బకెట్లు, బియ్యపు సంచులు, ఏవైనను పనికివచ్చును. నీరు పోవుటకు అడుగున నాలుగైదు రంధ్రములుండిన చాలును. ఆకుకూరలకు అరయడుగు లోతు, ముల్లంగికి అడుగు లోతు కావలెను. ఒక ఘనపుటడుగు తడిమట్టి సుమారు 50 కిలోలు తూగునని మాత్రము డాబామీద తోట వేయువారు మరువరాదు. పెద్దతొట్లను నడుమ గుట్టపోయక గోడల యంచున, దూలముల మీదుగా నుంచుట క్షేమము.

మట్టి సంగతి అట్లు తేలికగా తేల్చివేయుటకు వీలుకాదు. ఎర్రమట్టి రెండుపాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒకపాలు, ఇసుకగాని కొబ్బరిపొట్టుగాని ఒకపాలు కలుపుట సామాన్యముగా చెల్లుబాటగు పద్ధతి. నల్లరేగడి పొలములో ఎంత ఘనమైనదైనను తొట్టిలో దాని గుణము మారును: తడిసినప్పుడు జిగురై వేళ్లకు ఊపిరాడనీయదు, ఎండినప్పుడు కుదించుకొనిపోయి తొట్టి అంచులను విడిచి నిలుచును, ఆ సందులోనుండి మనము పోసిన నీరెల్ల మొక్కకు తెలియకుండనే అడుగునకు జారిపోవును. రేగడి తప్ప వేరు దిక్కులేనివారు ఇసుకను ఎరువును హెచ్చుగా కలుపుకొనవలెను. ఎరువును కొనునప్పుడు ముక్కుతోడను వ్రేళ్లతోడను పరీక్షించి కొనవలెను. పచ్చిపేడ కుళ్లుచు వేడిని పుట్టించి లేతవేళ్లను మాడ్చును, వేరుపురుగులకు నిలయమగును. బాగుగా చివికినది నల్లగా, పొడిపొడిగా, తొలకరికి తడిసిన నేల వాసన వేయుచుండును. మిశ్రమము కుదిరినదో లేదో తెలియుటకు తడిమట్టిని పిడికిట బిగించి ఉండచేసి నడుమెత్తునుండి జారవిడువవలెను: విచ్చి చెదరినచో సరి, ముద్దగా నిలిచినచో ఇసుక చాలలేదు, పిడికిటిలోనే విడిపోయినచో ఎరువు చాలలేదు. బియ్యపు కడుగు, కూరల తొక్కలు మున్నగువాని ఉపయోగమును కాదనను గాని, వానివలననే తోట పండునని చెప్పువారి మాటను అంతగా నమ్మనక్కరలేదు. తొక్కలు ఎరువగుటకు చలిలో నెలలు పట్టును.

ఇక ఏమి వేయవలెను? శీతకాలమనగానే క్యాబేజీ, కాలీఫ్లవరు, టమాటా స్మరణకు వచ్చుట సహజమే గాని, పొదుపే ఉద్దేశమైనప్పుడు ఈ మూడింటిని గూర్చియు నాకు సందేహము కలదు. క్యాబేజీ ఒక తొట్టిని ఇంచుమించు మూడు నెలలు ఆక్రమించి ఒకే గడ్డ నిచ్చును. ఆ గడ్డ ఆ నెలలలోనే సంతలో మిక్కిలి చవుక. కాలీఫ్లవరు మరింత గడుసుది: 1822లో ఇంగ్లండునుండి సహారన్‌పూరు ఉద్యానమునకు వచ్చిన ఈ మొక్క, ఉత్తరాది రైతుల చేతులలో తరతరములుగా మసలి వెచ్చదనమునకు కొంత అలవాటుపడినను, మంచుముద్దవంటి పువ్వు గట్టు రకములు నేటికిని మన మైదానములకు రాని చలిని కోరును. టమాటాకు ఈ ఋతువు హితమే, రాత్రి వేడిమి 15 నుండి 20 డిగ్రీల నడుమ నున్నప్పుడే అది చక్కగా పిందె కట్టును. కాని మదనపల్లె, పత్తికొండ సంతలలో ధర పడిపోయి రైతులు పండ్లను రోడ్డున పారబోయు దృశ్యములను చూచుచునే యున్నాము గదా! రుచికై వేయువానితో నాకు వాదము లేదు. పొదుపునకై వేయువాడు మాత్రము లెక్క సరిచూచుకొనవలెను.

నిజముగా డబ్బు మిగిల్చునవి, దినదినము కొంచెము కొంచెముగా కావలసివచ్చి, కొన్న మరునాటికే వడలిపోవునవి. చారులోనికి నాలుగు రెమ్మలకై కట్ట కొని, తక్కినదానిని ఫ్రిజ్జులో నల్లబడనిచ్చు ఇంటిలో కొత్తిమీర తొట్టి యొకటి చేయు మేలు, టమాటా తొట్లు నాలుగైనను చేయజాలవు. కొత్తిమీరకు తోడు మెంతి, పాలకూర, పుదీనా, ముల్లంగి. గోంగూరను మాత్రము ఈ కాలమున కోరరాదు. పగలు కురచయైనప్పుడు అది ఆకు మాని త్వరపడి పూతకు వచ్చును. తోటకూరయు చలికి మందగించును. ఈ రెండింటిని వేసవికి విడిచిపెట్టుట యుక్తము.

విత్తనములకై అంగడికి పోవలసిన పని చాలవరకు లేదు. మెంతులు పోపులపెట్టెలోనివే చల్లవచ్చును. ధనియములకు కొంచెము మర్మము కలదు. ధనియము చూచుటకు ఒక్క గింజయైనను నిజమునకు రెండు బద్దలు కూడిన కాయ. ఒక్కొక్క బద్దలో ఒక్కొక్క విత్తనముండును. వానిని నేలపై పరచి అరచేతితోగాని చెప్పుతోగాని మెల్లగా రాచినచో రెండుగా విడిపోవును. ఒత్తిడి మించినచో లోపప్పు నలిగి వంటకు తప్ప పనికిరాదు. విడిన బద్దలను రాత్రి నానవేసి, ఉదయము అరయంగుళము లోతున చల్లి, పైన గోనెపట్టా కప్పి తడి ఆరకుండ చూడవలెను. వారము గడచినను ఏమియు కనబడదు; కొత్తవారు ఇచటనే ఆశ వదలుకొని మట్టిని త్రవ్వి చూచి పాడుచేయుదురు. 8 నుండి 15 దినములలోపల మొలక పైకి తేలును, అప్పుడు పట్టాను తీసివేయవలెను. తొలుత వచ్చు రెండాకులు సన్నగా, పొడవుగా, అంచున ఒక్క చీలికయైన లేక నుండుటచేత కలుపనుకొని పీకివేయువారును కలరు. ఆ జంట నడుమనుండి వచ్చు ఆకునందు గాని కొత్తిమీర పోలిక కనబడదు. కొట్టులోని ధనియములు పాతవో, వేడిచేసినవో తెలియదు గనుక, ముందుగా ఇరువదింటిని తడిగుడ్డలో మూటకట్టి ఎన్ని మొలచునో చూచుకొనుట వివేకము.

మెంతి మూడునాళ్లలో మొలచి నెలలోపల కూరకు వచ్చును. వేళ్లతో పీకి వాడుకొని, ఆ చోట మరల చల్లవలెను. ఒకేసారి తొట్లన్నియు నింపక పది పదునైదు దినముల కొకసారి కొంచెముగా చల్లుచుండినచో ఎడతెగక ఆకు దొరకును. పాలకూర బీట్‌రూటు జాతిదే; దాని గింజ అనుకొనునది రెండు మూడు విత్తనములు కలసిన ఉండ, అందుచేత ఒకచోట వేసిన గింజకు గుత్తిగా మొలకలు వచ్చును. నేలకు రెండంగుళములు వదలి కోసినచో నాలుగైదు మారులు మరల చిగిర్చును. ముల్లంగిని నారుపోసి నాటరాదు. కదల్చిన వేరు వంకరపోవును. విత్తిన చోటనే మొలకలను పలుచజేసి, పీకిన లేత ఆకును పప్పులో వేసికొనవచ్చును. సంతలో కొన్న పుదీనా కాడలు గ్లాసెడు నీళ్లలో వారము దినములుండిన వేళ్లు తొడుగును. దానికి వేరు తొట్టి నీయవలెను, లేనిచో పొరుగుమొక్కల నాక్రమించును.

చిక్కుడు చెప్పక శీతకాలపు కూరల ప్రసంగము ముగియదు. పందిరికెక్కు నాటు చిక్కుడు పగటి పొడవును లెక్కించుకొను మొక్క: జూన్‌లో 13 గంటలుండు పగలు డిసెంబరునాటికి 11 గంటలకు తగ్గినగాని దానికి పూయ బుద్ధిపుట్టదు. అందుచేతనే ఆషాఢశ్రావణములలో పెట్టిన పాదు నెలల తరబడి ఆకులే వేసి, మార్గశిరములో ఒక్కసారిగా విరగబూసి, సంక్రాంతికి గంపలకొలది కాయును. మాఘశుద్ధ సప్తమినాడు చిక్కుడుకాయలతో రథము గట్టి, చిక్కుడాకులలో సూర్యునికి పరమాన్నము నివేదించు మన ఆచారము పాదు పుష్కలముగా నున్న ఆ అదనుకే కుదిరినది. వానకాలమున పాదు పెట్టనివారికి బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు రూపొందించిన అర్క జయ, అర్క విజయ అను పొట్టి రకములున్నవి. ఇవి పందిరిని కోరవు, పగటి పొడవుతో నిమిత్తము లేక పూయును.

నీటి విషయమున శీతకాలపు తోటను చెరచునది కరవు కాదు, అతిశయమే. వ్రేలిని ఒక కణుపు మేర మట్టిలో దింపి, పొడిగా తగిలినప్పుడే పోయవలెను. సాయంకాలము పోసిన నీరు రాత్రియెల్ల ఆకులపై మంచుతో కలసి నిలిచి తెగుళ్లను పిలుచును గనుక ఉదయమే పోయుట మంచిది. మబ్బుపట్టిన దినములలో చిక్కుడు చిగుళ్లకు నల్లని పేనుబంక పట్టును. కొద్దిగానున్నప్పుడు వ్రేళ్లతో తుడిచివేయుటకు మించిన మందు లేదు. మించినచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలియుటకు కొంచెము సబ్బు చేర్చి చల్లవలెను. ఐతే ఆ చిగుళ్లమీద అక్షింతల పురుగులు తిరుగుచుండిన రెండునాళ్లు ఓపికపట్టుడు. పేనుబంకయే వాని ఆహారము.

ఫాల్గునమున ఎండ ముదిరినంతనే కొత్తిమీర పూతకు పోవును. నాలుగు మొక్కలను పీకక విడిచినచో వచ్చు సంవత్సరపు ధనియములు అక్కడనే తయారగును. చిక్కుడులో బలమైన పాదున రెండుమూడు గుత్తులను తీగమీదనే ఎండనిచ్చి, గింజలొలిచి, బూడిద కలిపి సీసాలో పోసి, మీద చీటి యంటింపవలెను. అంగడిలో కొన్న సంకర టమాటా గింజలను దాచుట వృథాశ్రమ. తల్లి గుణము బిడ్డకు రాదు. మెంతులు దాచనక్కరలేదు, పోపులపెట్టెలో అవి ఎప్పుడును ఉండనే యున్నవి.