ఫిర్యాదు చేస్తే పంపించేస్తారా?

ఫిర్యాదు అన్న మాట మనకు ఫారసీ నుంచి వచ్చింది. అక్కడ ఫరియాద్ అంటే ఆర్తనాదం. జులుమ్‌కు గురైనవాడు ముందు కేక వేస్తాడు. కాగితం, కలం, ఠాణా ఆ తర్వాతి సంగతి. ఆ కేక వేయడానికే మనిషి జంకితే ఎంత మంచి చట్టం ఉన్నా ఏం లాభం? అమెరికాలో ఏళ్ళ తరబడి సాగుతున్న ఒక వాదన మూలం ఇదే. మన ఇళ్ళ బిడ్డలు అక్కడ చదువుకుంటున్నారు, మన ఆడపిల్లలు అక్కడ కాపురాలు చేస్తున్నారు. కనుక ఇది మనకూ తెలియవలసిన విషయమే.

ఆ దేశంలో వలస చట్టాల అమలు కేంద్ర ప్రభుత్వం పని. ఊరి పోలీసులు కేంద్రానికి నౌకర్లు కారు. రాష్ట్రాల అధికారులను కేంద్రం తన పనికి బలవంతంగా వాడుకోరాదని 1997లో సుప్రీం కోర్టు ఒక తుపాకుల చట్టం కేసులో తేల్చింది. అంతకు ముందే, 1979లో, కేవలం వలస హోదా తెలుసుకోవడానికి ఎవరినీ ఆపి ప్రశ్నించవద్దని లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ తన సిబ్బందికి ఉత్తర్వు ఇచ్చింది. ఆ భరోసా లేకపోతే బాధితుడూ రాడు, సాక్షీ రాడు. మరోవైపు, ఇష్టపడిన స్థానిక పోలీసులు ఒప్పందం చేసుకుని వలస అధికారుల పని చేయవచ్చని 1996లో కేంద్రం చట్టం చేసింది. 2025లో ఈ ఒప్పందాలు విపరీతంగా పెరిగాయి.

రెండో పక్షం మాటనూ ఇన్సాఫ్‌తో వినాలి. 2015లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక యువతి తుపాకీ గుండు తగిలి మరణించింది. నిందితుణ్ణి అప్పటికే ఐదుసార్లు దేశం నుంచి పంపించారు. తమకు కబురు చేయమని కేంద్ర అధికారులు కోరినా స్థానిక జైలు అతణ్ణి విడిచిపెట్టింది. 2017లో జ్యూరీ అతనిపై హత్యానేరం కొట్టివేసింది గానీ, ఆ తల్లిదండ్రుల దుఃఖం అంతటితో పోతుందా? ఇటువంటి బాధితులు నగరాల మీదే దావా వేసే హక్కు కోరుతూ 2019లో సెనేటర్ థామ్ టిల్లిస్ బిల్లు తెచ్చారు. అది చట్టం కాలేదు.

బాధితుల పేరు చెప్పి చట్టం అడిగేవారు ఇంకో రకం బాధితులను మరచిపోవడమే నాకు మింగుడుపడదు. టెక్సాస్ 2017లో కఠిన చట్టం చేసింది. పోలీసులు పట్టుకున్న వ్యక్తిని వలస హోదా అడగకుండా పై అధికారులు ఆపరాదన్నది. ఆ చర్చ నడుస్తున్నప్పుడే హ్యూస్టన్ పోలీసు చీఫ్ ఆర్ట్ అసెవెడో ఒక లెక్క చెప్పారు. ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో హిస్పానిక్ సమాజం నుంచి అత్యాచార ఫిర్యాదులు, అంతకు ముందు ఏడాదితో పోలిస్తే, సుమారు 43 శాతం తగ్గాయి. మిగతా వారి ఫిర్యాదులు మాత్రం పెరిగాయి. నేరం తగ్గలేదు, నోరు మూతపడిందని ఆయన ఆందోళన. బాధితులను, సాక్షులను అవసరమైతే తప్ప అడగరాదని ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. భయపడే మనిషి చట్టంలోని సెక్షన్లు చదువుకుని ఠాణాకు వెళతాడా?

ఇక మన ఆడపిల్లల సంగతి. భర్తది హెచ్-1బి, ఆమెది అతని మీద ఆధారపడ్డ హెచ్-4. చెయ్యి చేసుకున్నవాడే “పోలీసులకు చెబితే నీ వీసా పోతుంది” అని బెదిరిస్తాడు. 1994 నాటి మహిళా రక్షణ చట్టం కింద స్వయంగా దరఖాస్తు చేసుకునే వీలు పౌరుల, గ్రీన్‌కార్డుదారుల భార్యలకే. హెచ్-4 ఇల్లాలికి మిగిలిన దారి 2000లో వచ్చిన యు-వీసా. గృహహింస, అత్యాచారం, తీవ్రమైన దాడి వంటి నిర్ణీత నేరాలకు గురై, గణనీయంగా బాధపడి, దర్యాప్తుకు సహకరించినవారికి అది ఇస్తారు. మామూలు దొంగతనం ఆ జాబితాలో లేదు. భర్త అనుమతి అక్కరలేదు. వీసా గడువు నాలుగేళ్ళు. మూడేళ్ళు అక్కడే ఉన్నాక గ్రీన్‌కార్డు అడగవచ్చు.

అయితే ఏడాదికి బాధితులకు ఇచ్చేది 10,000 మాత్రమే. వరుసలో ఏళ్ళు గడుస్తాయి. దరఖాస్తు చేసుకున్న బాధితులపై చర్యలో సంయమనం పాటించాలన్న 2021 నాటి మార్గదర్శకాన్ని వలస అమలు శాఖ 2025 జనవరిలో రద్దు చేసింది. కాబట్టి ముందుగా వలస వకీలును కలవడం తప్పనిసరి. బాధించినవాడు ఇచ్చిన సమాచారం ఒక్కదాన్నే పట్టుకుని అధికారులు ఆమెకు ప్రతికూల నిర్ణయం చేయరాదన్న 1996 నిబంధన మాత్రం నేటికీ ఉంది. సహకరించినట్లు పోలీసులో, ప్రాసిక్యూటరో సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. సంతకమైన ఆరు నెలల్లోగా దరఖాస్తు పెట్టకపోతే ఆ కాగితం చెల్లదు.