పండుగ తగ్గింపులు – పలుచని తెర టెలివిజన్లు

అన్నవరములో రత్నగిరిపై సత్యనారాయణవ్రతము చేసికొని, గోధుమనూక ప్రసాదము పొట్లముతో కొండ దిగివచ్చు గృహస్థులకు వ్రతకథలోని వర్తకుడు జ్ఞాపకముండకపోడు. నావలో ఏమున్నదని స్వామి అడిగినపుడు ఆకులలములని అతడు బొంకెను. బొంకినట్లే సరకంతయు ఆకులలములయ్యెను. వర్తకుని మాటకును సరకునకును గల సంబంధమును ఇంత సులభముగా తెలుపు కథ మరియొకటి లేదు. దసరా, దీపావళి, సంక్రాంతి వచ్చినవనగానే తుని, కాకినాడ, రాజమహేంద్రవరము అంగళ్ళలోను, అరచేతిలోని ఫోనులోను టెలివిజన్లపై తగ్గింపుల ప్రకటనలు వెల్లువగా వచ్చును. “సగము ధరకే” అనుమాటలో సరకెంత, ఆకులలములెంత అని తేల్చుకొనుటకు గృహస్థునకు ఉపకరింపగలవను ఆశతో ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

మన దేశమున టెలివిజన్ 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రారంభమైనది. 1975-76లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రముల గ్రామములకు కార్యక్రమములు పంపిన ప్రయోగములో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడ ఉండెను. 1977లో హైదరాబాదు కేంద్రము వెలసినది, 1982లో రంగులు వచ్చినవి. ఆ దినములలో ఊరికొక పెట్టె ఉన్న, దానిచుట్టు ఊరంతయు చేరెడిది. నాడు పెట్టె దొరకుటయే కష్టము; నేడు దొరకువానిలో ఏది ఎంచవలెనన్నది కష్టము.

మొదట కొలతను గూర్చి చెప్పుదుము. 32 అంగుళములు, 43 అంగుళములు అనునవి తెర వెడల్పులు కావు; ఒక మూలనుండి ఎదుటి మూలకు ఏటవాలుగా తీసిన కొలతలు. 32 అంగుళముల తెర వెడల్పు సుమారు 28 అంగుళములు, ఎత్తు 16 అంగుళములు. 43 అంగుళముల తెర వెడల్పు 37న్నర, ఎత్తు 21. కొలతలో తేడా పదునొకండు అంగుళములే అయినను, వైశాల్యములో రెండవది మొదటిదానికి దాదాపు ఒకటిముప్పాతిక రెట్లకు పైగా ఉండును. తెర కొలతకు ఒకటిన్నర మొదలు రెండున్నర రెట్ల దూరమున కూర్చుండుట కంటికి హాయి అని సామాన్యముగా చెప్పుదురు. ఆ లెక్కను 32 అంగుళములకు నాలుగు మొదలు ఆరున్నర అడుగులు, 43 అంగుళములకు అయిదున్నర మొదలు తొమ్మిది అడుగులు చాలును. కావున అంగడికి పోవుటకు ముందే, గోడనుండి మంచమువరకు గల దూరమును టేపుతో కొలుచుకొనుట మంచిది. అంగడి హాలులో చిన్నదిగా తోచిన తెర మన ఇంటి ముందుగదిలో గోడ నిండ కనిపించును.

ఇక పేర్లు. ఎల్.ఇ.డి. టెలివిజన్ అనునది వేరు జాతి కాదు. తెర ద్రవస్ఫటికములతో చేసిన ఎల్.సి.డి. తెరయే, దాని వెనుక వెలుగునిచ్చు దీపములు మాత్రము ఎల్.ఇ.డి.లు. క్యు.ఎల్.ఇ.డి. అనునది కూడ అదే తెర. రంగులు శుభ్రపడుటకై వెనుకటి వెలుగు దారిలో సూక్ష్మకణముల పొర నొకదానిని చేర్తురు. ఓ.ఎల్.ఇ.డి. ఒక్కటియే వేరు. అందు ప్రతి చుక్కయు తనంతట తాను వెలుగును; నల్లని చోట పూర్తిగా ఆరిపోవును. అది తక్కువ ధరకు దొరకునది కాదు. “క్యు”, “ఓ” అను రెండక్షరములు చూపునకు ఒక్కటివలె నుండుటచేత పొరబడరాదు.

సామాన్యపు ధరల పెట్టెలలో రెండు రకముల తెరలు వాడుకలో ఉన్నవి. వి.ఏ. అను రకములో నలుపు నల్లగా కనిపించును గాని, ప్రక్కన కూర్చున్నవారికి రంగులు వెలిసిపోయినట్లుండును. ఐ.పి.ఎస్. రకములో ప్రక్కనుండి చూచినను బొమ్మ చెదరదు గాని, చీకటి దృశ్యములు బూడిదరంగుగా తోచును. ఇద్దరు ముగ్గురు ఎదురుగా కూర్చుండు ఇంటికి మొదటిది, కుటుంబమంతయు గది నలువైపుల చేరు ఇంటికి రెండవది అనుకూలము. అట్ట మీద ఈ పేరు ఉండక పోవచ్చును. అంగడిలో తెరకు నిలువుగా నిలిచి ఒకమారు, ప్రక్కకు జరిగి మరొకమారు చూచిన రహస్యము బయటపడును. అంగళ్ళలో తెరలను మిక్కిలి ప్రకాశముగా, కొట్టవచ్చు రంగులతో నిలిపియుంతురు. ఆ అమరికను మార్చి సాధారణపు అమరికలో పెట్టుమనియు, ప్రత్యేకపు బొమ్మలు గాక మామూలు వార్తల ఛానల్ చూపుమనియు అడుగుటకు మొగమాటపడరాదు.

బొమ్మలోని చుక్కల సంఖ్య తరువాతి విషయము. హెచ్.డి. రెడీ తెరలో 1366కు 768 చొప్పున చుక్కలుండును. మొత్తము సుమారు పదిన్నర లక్షలు. ఫుల్ హెచ్.డి.లో ఇరువదిలక్షల డెబ్బదివేలకు పైచిలుకు, 4కె తెరలో సుమారు ఎనుబదిమూడు లక్షలు చుక్కలుండును. సంఖ్య పెరిగిన కొలది బొమ్మ నిశితమగుట నిజమే. కాని కేబులు ద్వారాను, నెలచందా లేని డి.డి. ఫ్రీ డిష్ ద్వారాను వచ్చు ఛానళ్ళలో చాలభాగము అంత నిశితముగా రావు. లేని చుక్కలను పెట్టె ఊహించి నింపవలసినదే. 4కె చిత్రము ముఖ్యముగా ఇంటర్నెట్ ద్వారా వచ్చును. కావున 32 అంగుళములకు హెచ్.డి. రెడీ చాలును, 43 అంగుళములకు ఫుల్ హెచ్.డి.కి తగ్గరాదు, ఇంట మంచి ఇంటర్నెట్ ఉన్నవారికి 4కె సార్థకము. హెచ్.డి.ఆర్. అను మరియొక మాట అట్ట మీద కనిపించును. తక్కువ ధర తెరలు ఆ సంకేతమును స్వీకరించును గాని, దానికి కావలసిన వెలుగు వానికి చాలదు. ఆ మాటకై అదనముగా ధర పెట్టనక్కర లేదు.

రేడియో శ్రోతలకు ప్రత్యేకముగా చెప్పవలసినది శబ్దమును గూర్చి. తెర పలుచనైన కొలది వెనుక స్పీకరునకు చోటు తగ్గినది. స్పీకరు నేలవైపునకో గోడవైపునకో తిరిగియుండుటచే మాట మందగించును. మేమెరిగిన అన్నవరపు కుటుంబ మొకటి కొండ ఎక్కలేని వృద్ధమాత కోసమై, ఆమె ఇంటనుండి పూజలు, ప్రవచనములు చూచునని చీటీపాట డబ్బుతో టెలివిజన్ కొన్నది. ముందనుకొన్నది 32 అంగుళములు. తగ్గింపు చూచి 43 అంగుళములకు పోయి, చాలని సొమ్మునకు కంతులు కట్టుకొన్నారు. బొమ్మ దివ్యముగా ఉన్నది. పురాణము చెప్పువారి మాట మాత్రము ఆ తల్లికి స్పష్టముగా వినబడలేదు. నెల తిరుగక మునుపే ఆమె మరల తన రేడియో దగ్గరకే చేరినది. తరువాత విడిగా స్పీకరు కొని తగిలించిరి. అప్పటికి గాని పెట్టె ఎవరికోసము వచ్చెనో వారికి ఉపయోగపడలేదు. తెరను కంటితో ఎంచుకొన్నవారు చెవితో కూడ ఎంచుకొని యుండిన ఆ ఖర్చు తప్పెడిది. పెద్దవారున్న ఇంటివారు వారిని వెంట తీసికొనిపోయి, ఒక మనిషి మాటలాడు కార్యక్రమమును వారికే వినిపించి అడుగవలెను.

స్మార్ట్ టెలివిజన్ అనగా లోపల చిన్న కంప్యూటరు గల పెట్టె. గూగుల్ టీవీ, సామ్‌సంగ్ వారి టైజెన్, ఎల్.జి. వారి వెబ్ ఓ.ఎస్. మొదలగునవి దానిని నడుపు వ్యవస్థలు. కొన్ని చౌక పెట్టెలలో ఆండ్రాయిడ్ అను పేరుండును గాని గూగుల్ వారి అనుమతి ఉండదు; వానిలో కావలసిన యాప్‌లు సరిగా పనిచేయవు. జ్ఞాపకశక్తి ఒక గిగాబైటు మాత్రమే ఉన్నచో కొంతకాలమునకు మందగించుట కద్దు. ఏమైనను కంప్యూటరు భాగము పాతబడిన తెర పాడుకాదు. చిన్న పరికర మొకటి వెనుక తగిలించిన మరల కొత్తదగును. అందుచేత తెర, శబ్దము, వెనుకనుండు హెచ్.డి.ఎమ్.ఐ. రంధ్రముల సంఖ్య ముందు చూచి, యాప్‌లను తరువాత చూడవలెను. సెట్‌టాప్ బాక్సునకు ఒకటి, స్పీకరునకు ఒకటి, మరియొకటి ఖాళీగా – మూడు రంధ్రములుండుట సౌకర్యము.

విద్యుత్తు సంగతి. 80 వాట్ల పెట్టె దినమునకు అయిదు గంటలు నడచిన, ఏడాదికి 146 యూనిట్లు. 120 వాట్లదైన 219 యూనిట్లు. ఈ తేడా పెట్టె ఉన్నన్నాళ్ళును ఉండును. నక్షత్రముల చీటీ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో అచ్చువేసి యుండును. నక్షత్రములకంటె ఆ అంకెను చదువుట మేలు.

ఇక తగ్గింపులు. పెట్టె మీద అచ్చువేసిన గరిష్ఠ చిల్లరధరకు మించి అమ్మరాదని చట్టము. కాని ఆ ధరను నిర్ణయించువారు తయారుచేయువారే. 40,000 అని అచ్చువేసి ఏడాది పొడుగున 24,000కు అమ్మి, పండుగనాడు 22,000 చేసి, “నూటికి నలుబదియైదు తగ్గింపు” అని చాటవచ్చును. నిజమైన తగ్గింపు రెండువేలే. దీనికి మందు ఒక్కటే: పండుగకు నెల రోజుల ముందే మనకు కావలసిన రెండు మూడు నమూనాల పూర్తి పేరు, సంఖ్యతో సహా కాగితము మీద వ్రాసికొని, వారమునకొకమారు ధర గుర్తించుట. నమూనా సంఖ్యలో ఒక్క అక్షరము మారినను లోపలి తెర వేరు కావచ్చును.

పన్ను సంగతి కూడ తెలిసియుండవలెను. 32 అంగుళములకు మించిన టెలివిజన్లపై వస్తుసేవల పన్ను 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి నూటికి 28 నుండి 18కి తగ్గినది. పన్ను గాక 25,000 రూపాయల వెల గల పెట్టె 32,000 నుండి 29,500కు దిగును. అనగా కొనువానికి తగ్గినది నూటికి ఎనిమిది లోపే గాని పది కాదు. 32 అంగుళములు, అంతకు లోపు పెట్టెలకో 2019 జనవరి 1వ తేదీనుండియే 18 వంతులు. వానిపై “పన్ను తగ్గినందున ధర తగ్గించితిమి” అని ఎవరైన చెప్పినచో ఆ మాటను నమ్మవలసిన పని లేదు.

వడ్డీలేని కంతులను గూర్చి ఒక లెక్క. పెట్టెను రొక్కమునకు 22,500కును, నెలకు 4,000 చొప్పున ఆరు కంతులకు 24,000కును ఇత్తురనుకొందము. పైకి వడ్డీ లేదు. కాని ఆ 1,500 వడ్డీయే. మన పల్లెలెక్కను అది నూటికి నెలకు రూపాయి ఎనుబదియేడు పైసలు. దాదాపు రెండు రూపాయల వడ్డీ. దానిపైన దరఖాస్తు రుసుము వేరు. వడ్డీ అసలు లేకుండుట అనునది ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించినది. కావున “రొక్కమునకైన ఎంత?” అను ప్రశ్న ముందు అడుగవలెను. రెండు ధరలు నిజముగా ఒక్కటియే అయి, రుసుమును లేకున్న కంతులు తప్పుకాదు. అట్లే కార్డుపై “నూటికి పది తగ్గింపు” అనుదాని క్రింద చిన్న అక్షరములలో “1,500కు మించకుండ” అని ఉన్నచో, 30,000 పెట్టెకు అది నూటికి అయిదే.

ఫోనులో కొనునపుడు “ఇంక పది నిమిషములే”, “రెండే మిగిలినవి” అని తొందరపెట్టుదురు. లేని తొందరను కల్పించుట, అడుగని వస్తువును బుట్టలో చేర్చుట వంటి పనులను 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నియమముల ద్వారా నిషేధించినది. ధర తక్కువైన ఫోనులో కొనుటలో దోషము లేదు. కాని పెట్టె ఇంటికి వచ్చిన దినముననే, తెచ్చినవాని ఎదుట విప్పి, విప్పుచున్నంతసేపు వీడియో తీసి, తెర పగులు లేదని చూచుకొనవలెను. బాగుచేయువారు అన్నవరమునకు ఏ ఊరినుండి వత్తురు, ఎన్ని దినములలో వత్తురు అని కొనకముందే కనుగొనవలెను. దగ్గరి అంగడివాడు అయిదువందలు ఎక్కువ చెప్పినను, పిలిచిన వచ్చువాడైన ఆ అయిదువందలు వ్యర్థము కావు. బిల్లు, హామీపత్రము భద్రపరచవలెను. అన్యాయము జరిగినచో 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో అయిదు లక్షల లోపు విలువ గల ఫిర్యాదునకు రుసుము లేదు.

పాత గాజుగొట్టపు పెట్టెను పెరటిలో పగులగొట్టరాదు. ఆ గాజులో సీసముండును. మార్పిడికైన ఇయ్యవలెను, లేదా ఎలక్ట్రానిక్ వ్యర్థములను సేకరించువారికి అప్పగింపవలెను. మరియు ఉరుములు మెరుపుల వేళ ప్లగ్గును, కేబులు తీగను తీసివేయుట మన తీరప్రాంతమువారు మరువరాదు.

ఇన్ని చెప్పినను సారాంశము స్వల్పము. గది కొలత, చేతిలోని రొక్కము, చూచువారెవరు, వినువారెవరు – ఈ నాలుగును ఇంట నిశ్చయించుకొని చీటీ మీద వ్రాసి జేబులో పెట్టుకొనిన పిదపనే అంగడి మెట్లెక్కవలెను. చీటీలో లేనిదానిని ఎంత తగ్గింపునకు ఇచ్చినను అది లాభము కాదు. పండుగ మూడు దినములలో గడచిపోవును. కంతులు మాత్రము తరువాతి పండుగవరకు మన గుమ్మము విడువవు.