ఒక్క యూనిట్‌తో ఒక రోజు!

ఇల్లు కదులుతుంది. వంటగది కదులుతుంది. పడకగది కూడా కదులుతుంది. కదలనిదల్లా ఒక్కటే... కరెంటు స్తంభం! మరి కారవాన్‌లో ఊరికి దూరంగా రోజుల తరబడి ఉండేవాళ్లు దీపం ఎలా వెలిగించుకుంటారు? ఫ్రిజ్ ఎలా నడుపుకుంటారు?

ముందు మన ఇంటి సంగతి చూద్దాం. నెలకి 150 యూనిట్లు వాడే ఇంట్లో రోజుకి అయిదు యూనిట్లు ఖర్చవుతున్నట్టు. కాస్త ఎక్కువైతే నెలాఖరున బిల్లు చూసి నిట్టూరుస్తాం, అంతే. కారవాన్‌లో అలా కాదు. అక్కడ బిల్లు రాదు, చీకటి వస్తుంది! అయినా పొదుపుగా సర్దుకున్న కారవాన్ ఒకే ఒక్క యూనిట్‌తో రోజంతా గడిపేస్తుంది. ఎలాగంటారా?

చెట్టు లేని దారిలో...

ఆ లెక్క తెలియాలంటే ఆస్ట్రేలియా వెళ్లాలి. ఉద్యోగ విరమణ చేశాక ఇంటికి తాళం వేసి, కారు వెనక కారవాన్ తగిలించుకుని నెలల తరబడి దేశం చుట్టొచ్చే జంటలు అక్కడ బోలెడు. తల నెరిసిన సంచారులు కాబట్టి వాళ్లని సరదాగా 'గ్రే నోమాడ్స్' అంటారు. ఖండం చుట్టూ సాగే ఒకటో నంబరు హైవే పొడవు దాదాపు 14,500 కిలోమీటర్లు. దాని దక్షిణ భాగంలో ఉంటుంది నల్లర్‌బోర్ మైదానం. లాటిన్‌లో ఆ మాటకి అర్థం 'చెట్టు లేనిది' అని. ఆ మైదానానికి అటూ ఇటూ ఉన్న సెడ్యూనా, నార్స్‌మన్ పట్టణాల మధ్య దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. అందులో 146.6 కిలోమీటర్లు ఒక్క మలుపైనా లేని రోడ్డు! పెట్రోలు, తిండి దొరికే రోడ్‌హౌస్‌లు ఎక్కడో ఒకటి తగులుతాయి. డబ్బు కడితే కరెంటు ఇచ్చే కారవాన్ పార్కులున్నా, చాలామంది రాత్రికి రోడ్డు పక్క విశ్రాంతి స్థలాల్లోనే ఆగిపోతారు. అక్కడ ప్లగ్గు పెట్టుకునే చోటుండదు.

1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే బ్రిటిష్ వైద్యుడు 'వాండరర్' పేరుతో ఓ బండి కట్టించుకున్నాడు. విహారం కోసమే తయారైన తొలి కారవాన్ అదేనంటారు. దాన్ని గుర్రాలు లాగేవి. వాటికి గడ్డి చాలు. ఇప్పటి కారవాన్‌కి మాత్రం కరెంటు కావాలి. అది సరదా కోసమే కాదు. పెద్ద వయసులో తిరిగేవాళ్ల ఫ్రిజ్‌లో పాలూ కూరగాయలతోపాటు ఇన్సులిన్ కూడా ఉంటుంది. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. నిద్రలో ఊపిరి ఆగిపోయే సమస్య ఉన్నవాళ్లు రాత్రంతా సీప్యాప్ యంత్రం పెట్టుకుని పడుకోవాలి. తెల్లవారుజామున మూడింటికి బ్యాటరీ ఖాళీ అయితే? సాయం అడుగుదామన్నా చుట్టుపక్కల ఇల్లు కనపడదు. అందుకే అనుభవమున్నవాళ్లు సోలార్ ప్యానెల్ కొనేముందు కాగితం, కలం తీసుకుంటారు.

పద్దు రాయాల్సిందే

వంద వాట్ల బల్బు పది గంటలు వెలిగితే వెయ్యి వాట్ అవర్లు. అదే మన మీటరు మీద ఒక యూనిట్. ఇప్పుడు ఇద్దరే ఉండే కారవాన్‌లో రోజు ఖర్చు వేద్దాం.

12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌కి 450 వాట్ అవర్లు. మూడేసి వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు, అయిదు గంటలు వెలిగితే 60. నీళ్ల మోటారుకి 15. రెండు ఫోన్లకి 30. ల్యాప్‌టాప్‌కి 60. 20 వాట్ల ఫ్యాను ఆరు గంటలు తిరిగితే 120. సీప్యాప్ యంత్రం, గాలిని వేడిచేసే ఏర్పాటు వాడకుండా, ఎనిమిది గంటలకి 240. మొత్తం 975. అంటే యూనిట్‌లోపే! ఎండలు ముదిరితే ఫ్రిజ్ వాటా పెరుగుతుంది. అందుకు కాస్త మిగులు ఉంచుకోవాలి.

ఈ పద్దులో లేనివి ఏమిటో చూశారా? వేడి పుట్టించేవీ, చల్లబరిచే ఏసీ. 2,000 వాట్ల కెటిల్‌లో అయిదు నిమిషాలు నీళ్లు కాస్తే సుమారు 167 వాట్ అవర్లు హాం ఫట్! రెండు రోజులకు పైగా బల్బులు వెలిగే కరెంటు అది. వెయ్యి వాట్లు లాగే ఏసీ గంటసేపు ఆగకుండా నడిస్తే రోజు కోటా మొత్తం పోతుంది. అందుకే వంట గ్యాసు మీద, నిద్ర కిటికీ గాలికి.

ఇంకో చిట్కా ఉంది. బ్యాటరీలోని 12 వోల్టుల కరెంటుని ఇన్వర్టర్‌తో 230 వోల్టులుగా మారిస్తే దారిలో పది, పదిహేను శాతం వృథా అవుతుంది. ఏమీ వాడకపోయినా ఇన్వర్టర్ తనకోసం కొంత తింటూనే ఉంటుంది. కాబట్టి ఫ్రిజ్, ఫ్యాను, బల్బులు, ఫోన్ ఛార్జర్లు అన్నీ నేరుగా 12 వోల్టులతో పనిచేసేవే ఎంచుకుంటారు. అవసరమైనప్పుడే ఇన్వర్టర్ వేసి, పని అవగానే ఆపేస్తారు.

దాచుకునేదెంత?

మబ్బు పట్టిన రోజూ ఉంటుంది కాబట్టి కనీసం రెండు రోజులకు సరిపడా, అంటే 1,950 వాట్ అవర్లు దాచుకోవాలి. మన ఇళ్లలో ఇన్వర్టర్‌కి వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీ తెలుసుగా? 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సుమారు 1,200 వాట్ అవర్లుంటాయి. కానీ తరచూ సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడైపోతుంది. అంటే చేతికొచ్చేది 600. ఈ లెక్కన నాలుగు బ్యాటరీలు కావాలి. బరువు సుమారు 120 కిలోలు! కారవాన్ ఎంత బరువు మోయాలో చట్టప్రకారం పరిమితి ఉంటుంది. బ్యాటరీలే అంత మింగేస్తే నీళ్లకీ, సామానుకీ చోటేదీ?

అందుకే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల వైపు మొగ్గు. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 80 శాతం దాకా వాడుకోవచ్చు. అవి రెండుంటే చాలు, బరువు పాతిక కిలోల చుట్టుపక్కలే. ధర ఎక్కువైనా మన్నిక కూడా ఎక్కువే. సున్నా డిగ్రీల కంటే చలిలో మాత్రం వాటిని ఛార్జ్ చేయకూడదు.

నీడ మనకి, ఎండ ప్యానెల్‌కి

ఇక సంపాదన. రోజుకి అయిదు గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు దొరికేచోట 300 వాట్ల ప్యానెళ్లు, వేడికీ దుమ్ముకీ 30 శాతం తీసేసినా, 1,050 వాట్ అవర్లు ఇస్తాయి. పద్దుకి సరిపోయింది! కానీ చలికాలంలో దక్షిణాన ఎండ రెండున్నర గంటలకు పడిపోతే వచ్చేది 525. సగం లోటు. అందుకే చలికాలం రాగానే అక్కడి సంచారులు ఉత్తరాదికి బండి తిప్పేస్తారు. లేదంటే కారు ఇంజిన్ సాయం తీసుకుంటారు. 25 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ ఉంటే రెండు గంటల ప్రయాణంలో దాదాపు 600 వాట్ అవర్లు బ్యాటరీలోకి చేరతాయి.

ఎండాకాలం చెట్టు నీడ చూస్తే బండి ఆపాలనిపిస్తుంది. కానీ ప్యానెల్ మీద చిన్న కొమ్మ నీడ పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. దీనికో ఉపాయం... బండిని నీడలో పెట్టి, మడతపెట్టే ప్యానెల్‌ని తీగతో ఎండలోకి జరపడం. ఆ తీగ సన్నగా, పొడుగ్గా ఉంటే వోల్టేజీ దారిలోనే తగ్గిపోతుంది. కాబట్టి మందపాటి తీగ వాడాలి.

ఇవి మరవొద్దు

ఎండ చాలనప్పుడు కొందరు జనరేటర్ వేస్తారు. దాన్ని కారవాన్ లోపల గానీ, కిటికీ పక్కన గానీ పెట్టడం ప్రాణాంతకం. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికి తలుపులు బిగించి గ్యాస్ పొయ్యి వెలిగించినా అదే ముప్పు. ఆ వాయువుని పసిగట్టే అలారం తప్పనిసరి. బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు ఉండాలి. వైరింగ్ పని తెలిసినవాళ్ల చేతే చేయించాలి.

అన్నీ అమర్చుకున్నాక నేరుగా ఎడారికి పోకూడదు. బండిని ఇంటి ముందే పెట్టి, కరెంటు తీగ పీకేసి, రెండు రాత్రులు అందులోనే ఉండాలి. సీప్యాప్ యంత్రం తెల్లార్లూ నడిచిందా, ఫ్రిజ్ చల్లగానే ఉందా, ఉదయానికి బ్యాటరీలో ఎంత మిగిలింది అన్నది అప్పుడే తేలిపోతుంది. కాగితం మీద వేసిన లెక్క తప్పితే సరిదిద్దుకోవడానికి ఇంటి గడపే మంచి చోటు.

మన దేశంలోనూ కారవాన్లు కనిపిస్తున్నాయి. కేరళ ప్రభుత్వం 2021లోనే కారవాన్ పర్యటక విధానం ప్రకటించింది. మనం బండి కొన్నా కొనకపోయినా ఈ పద్దు మాత్రం ఇంట్లోనూ పనికొస్తుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఎంతసేపు వస్తుందో చెప్పేది ఇదే లెక్క. ఈ ఆదివారం పొద్దున ఓసారి, రేపు అదే వేళకి మరోసారి మీటరు చూసి రాసుకోండి. ఒక్క యూనిట్‌కి ఎంత దూరంలో ఉన్నారో తెలిసిపోతుంది!