మంచు చిరుతకు ఏ లెన్సు?

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో కిబ్బర్ అని ఒక ఊరుంది. సముద్రమట్టానికి 4,200 మీటర్ల పైన ఉంటుంది. ఫిబ్రవరిలో తెల్లవారుజామున అక్కడ ఉష్ణోగ్రత సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పడిపోవడం మామూలే. చలి అంటే లంబసింగి దాకా మాత్రమే తెలిసిన మనవాళ్లు కూడా కొందరు పెద్ద పెద్ద కెమెరా సంచులు భుజాన వేసుకుని అక్కడికి ప్రయాణం కడుతున్నారు, మంచు చిరుత కోసం. చలికాలంలోనే ఎందుకంటే జనవరి నుంచి మార్చి దాకా అవి జతకట్టే రోజులు. పైగా కొండల మీద మంచు పేరుకుంటే భరల్ అనే నీలి గొర్రెలు మేత కోసం కిందికి దిగుతాయి, వాటి వెనకే చిరుతా దిగుతుంది. 2024 జనవరిలో కేంద్రం విడుదల చేసిన లెక్కల్లో దేశం మొత్తం మీద 718 మంచు చిరుతలు తేలాయి. అందులో 477 లడఖ్‌లోనే ఉన్నాయి, హిమాచల్ వాటా 51.

బయల్దేరేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ఎన్ని ఎంఎం లెన్సు కావాలి? చిన్న లెక్క వేసి చూద్దాం.

చిరుత ఎదురు కొండ మీద, 300 మీటర్ల దూరంలో పడుకుని ఉందనుకోండి. తోక పక్కన పెడితే దాని ఒంటి పొడవు సుమారు 1.2 మీటర్లు. 600 ఎంఎం లెన్సు దాన్ని సెన్సర్ మీద 2.4 మిల్లీమీటర్ల బొమ్మగా దించుతుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు కాబట్టి ఫ్రేములో చిరుత ఆక్రమించేది పదిహేనో వంతు. 45 మెగాపిక్సెల్ బాడీ అయితే ఆ జంతువుకి దక్కేవి దాదాపు 550 పిక్సెళ్లు. కెనాన్ ఆర్7 లాంటి 32 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్‌లో పిక్సెళ్లు ఇంకా చిన్నవి గనక 750 దాకా వస్తాయి. వాట్సాప్‌కి సరిపోతుంది, గోడకి తగిలించే ప్రింటుకి చాలదు.

ఇక్కడే చాలామంది టెలీకన్వర్టర్ వైపు చూస్తారు. 1.4 కన్వర్టర్ తగిలిస్తే 600 కాస్తా 840 అవుతుంది, బొమ్మ పెద్దదవుతుంది. కానీ వెలుగు లోపలికి వచ్చే రంధ్రం మాత్రం పెరగదు. ఎఫ్ నంబర్ అనేది ఫోకల్ లెంగ్త్‌ని ఆ రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె. తిరగేసి లెక్కిస్తే 600 ఎఫ్4 లెన్సు రంధ్రం 150 మిల్లీమీటర్లు, 600 ఎఫ్6.3 ది 95, 800 ఎఫ్6.3 ది 127. కెనాన్ 800 ఎఫ్11 ది 73 మిల్లీమీటర్లే. దూరంలో ఉన్న ఒక జంతువు నుంచి ఎంత వెలుగు పోగవుతుందన్నది ఈ రంధ్రం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అందుకే నేను లెన్సు డబ్బా మీద ఎంఎం, ఎఫ్ నంబర్ చూసినా మనసులో వ్యాసం, బరువు అని రెండు అంకెలుగా మార్చుకుంటాను. కన్వర్టర్ కొన్నవాళ్లు వ్యాసం మారకుండా ఎంఎం మాత్రమే కొనుక్కున్నట్టు.

అయితే పెద్ద రంధ్రం ఉన్న లెన్సు కొంటే కథ ముగిసిపోతుందా? రంధ్రం అంచుల దగ్గర వెలుగు వంగి చెదరడాన్ని వివర్తనం (డిఫ్రాక్షన్) అంటారు. అదొక్కటే హద్దయితే 95 మిల్లీమీటర్ల రంధ్రం 300 మీటర్ల అవతల రెండు మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న చుక్కల్ని కూడా విడదీసి చూపగలదు. పైన చెప్పిన 45 మెగాపిక్సెల్ బాడీలో ఒక్కో పిక్సెల్ వాటా కూడా ఇంచుమించు అంతే. అంటే చిరుత నుదుటి మీది చుక్కలన్నీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా రావాలి. చాలాసార్లు రావు. కారణం గాజు కాదు, మధ్యలో ఉన్న గాలి.

వేడి గాలి, చల్ల గాలి వెలుతురుని ఒకేలా వంచవు. ఆ ఎత్తులో ఒక డిగ్రీ తేడాకి గాలి వక్రీభవన గుణకంలో వచ్చే మార్పు పది లక్షల్లో ఒక వంతు కూడా ఉండదు. కానీ ఎండకి కాగిన నల్ల బండ మీది గాలికీ, పక్కనే మంచు మీది గాలికీ తేడా చాలా డిగ్రీలుంటుంది. అవి సుడులు తిరుగుతూ కలుస్తుంటే కిరణం 300 మీటర్ల పొడవునా కొద్దికొద్దిగా వంగుతూ వస్తుంది. మనకి వ్యూఫైండర్‌లో చిరుత నీళ్లలో ఉన్నట్టు ఊగుతూ కనిపిస్తుంది. ఎండ ఎక్కాక ఏ లెన్సయినా ఇంతే, పన్నెండు లక్షలది పెట్టినా రెండు లక్షలది పెట్టినా. పొద్దు పొడవకముందు, పొద్దు వాలాక తేడా బయటపడుతుంది, ఎందుకంటే అప్పుడు గాలి కుదురుగా ఉంటుంది, వెలుగు తక్కువగా ఉంటుంది.

ఈ ఊపు ఒక్కోసారి మన లెన్సు మూతి దగ్గరే పుడుతుంది. వెచ్చని గదిలోంచి తెచ్చిన లెన్సు గాజు, దాని చుట్టూ ఉన్న లోహం బయటి గాలి కంటే ముప్పై, నలభై డిగ్రీలు వేడిగా ఉంటాయి. వాటి నుంచి లేచే వెచ్చని గాలి హుడ్ గొట్టంలో చిక్కుకుని అక్కడే కదులుతూ ఉంటుంది. మొదటి ఫొటోలన్నీ మెత్తగా వస్తే లెన్సు చెడిపోయిందని కంగారు పడతారు. అరగంట, గంట బయట ఉంచితే అదే సర్దుకుంటుంది. మూడు కిలోల లెన్సు చల్లబడటానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. హీటరు వేసిన కారు అద్దం దించి అందులోంచి తీయడం మాత్రం శుద్ధ దండగ.

చలికి లోహం, గాజు కుంచించుకుపోతాయి, ఫోకస్ స్థానం జరుగుతుంది. పెద్ద టెలీ లెన్సుల్లో వాడే ఫ్లోరైట్ స్ఫటికానికి ఈ గుణం మరీ ఎక్కువ. అందుకే వీటి ఫోకస్ రింగుని అనంతం గుర్తు దాటి కూడా తిరిగేలా చేస్తారు. రింగుని చివరిదాకా తిప్పి, దూరపు కొండ దొరికిందిలే అనుకుంటే బొమ్మ మసకబారుతుంది. కొన్ని లెన్సులకి తెల్ల రంగు వేసేది కూడా ఎండ వేడికి ఈ తేడా ఎక్కువ కాకుండా ఉండటానికే.

ఇక బరువు. సోనీ 600 ఎఫ్4 బరువు 3,040 గ్రాములు, కెనాన్‌ది 3,090. ధర పది లక్షలు దాటుతుంది. నికాన్ 600 ఎఫ్6.3 స్టాండు కాలర్‌తో కలిపి 1,470 గ్రాములే. లోపల ఫ్రెనెల్ రకం గాజు వాడటం వల్ల అంత తగ్గింది. వెలుగు సూటిగా ఎదురైతే ఆ గాజు రంగు వలయాలు చూపిస్తుంది, అదొక లోపం. కిబ్బర్ ఎత్తులో గాలి పీడనం మన తీరంలో ఉండేదానిలో అరవై శాతమే ఉంటుంది. చిరుత జాడ పట్టే ట్రాకర్ చేయి చూపించి "పైన, పైన" అంటూ గట్టు ఎక్కుతుంటే, మన వీపు మీద ఉన్న అదనపు కిలోన్నర ప్రతి అడుగులోనూ తెలుస్తుంది. ఎఫ్4 కి వెలుగు రెండున్నర రెట్లు ఎక్కువ దక్కుతుందన్నది నిజమే. ఎఫ్6.3 తో ఐఎస్ఓ 6400 పెట్టాల్సిన చోట దానికి 2500 చాలు. కానీ ఇప్పటి నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఆ తేడాలో చాలా భాగాన్ని పూడ్చేస్తున్నాయి. ఊపిరి అందని చోట దాన్ని పూడ్చే సాఫ్ట్‌వేర్ లేదు. సామాను మోసే మనిషిని పెట్టుకోగలిగితే తప్ప నా ఓటు తేలిక లెన్సుకే.

జూమ్ కావాలంటే సోనీ 200-600, నికాన్ 180-600 చూడండి. రెండూ రెండు కిలోలకి అటూ ఇటూ ఉంటాయి. జూమ్ తిప్పినా వీటి గొట్టం బయటికి సాగదు. సాగే గొట్టం తిప్పిన ప్రతిసారీ బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. పొడి మంచు రేగే చోట అది మంచిది కాదు. కెనాన్ 800 ఎఫ్11 చవక, తేలిక, మన కొల్లేరు ఎండలో కొంగలకి భేషుగ్గా పనిచేస్తుంది. దానికి తేమని అడ్డుకునే సీళ్లు లేవు, రంధ్రం చిన్నది. తెల్లవారుజామున మంచులో దాని జోలికి పోవద్దు.

బాడీ విషయానికి వస్తే, చాలా కెమెరాల పుస్తకంలో పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలు అని ఉంటుంది. నికాన్ జెడ్8, జెడ్9, ఓఎం సిస్టమ్ ఓఎం-1 లాంటివి మైనస్ 10 దాకా అంటాయి. అది కంపెనీ ఇచ్చే పూచీ మాత్రమే. ఆ గీత దాటగానే కెమెరా ఆగిపోతుందని కాదు. ముందుగా మొరాయించేది బ్యాటరీ. లిథియం అయాన్లు ఒక ధ్రువం నుంచి ఇంకో ధ్రువానికి ఎలక్ట్రోలైట్ ద్రవంలో ఈదుకుంటూ పోవాలి. చలికి ఆ ద్రవం ఆముదంలా చిక్కబడుతుంది, బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. ఫోకస్ మోటారు, వ్యూఫైండర్, ప్రాసెసర్ ఒక్కసారిగా కరెంటు లాగగానే వోల్టేజి జారిపోతుంది. కెమెరా చూసేది వోల్టేజినే గనక ఎర్ర గుర్తు చూపించి ఆరిపోతుంది. లోపల శక్తి మాత్రం అలాగే ఉంటుంది. ఆ బ్యాటరీని లోచొక్కా జేబులో కాసేపు ఉంచి మళ్లీ వేస్తే నిక్షేపంలా పనిచేస్తుంది. కాబట్టి రెండు బ్యాటరీలు కెమెరాకి, ఒంటికి మధ్య వంతులవారీగా తిరగాలి.

జెడ్8, జెడ్9 రెండింటి సెన్సరూ ఒకటే. బరువు 910 గ్రాములు, 1,340 గ్రాములు. మొదటిదాని బ్యాటరీ 16 వాట్-అవర్లు, రెండోదానిది 36. మైదానంలో నేను తేలికదే తీసుకోమంటాను. మైనస్ ఇరవైలో మాత్రం పెద్ద బ్యాటరీకి ఆ బరువు మోయొచ్చు, పైగా చేతి తొడుగులతో నొక్కడానికి అనువైన పెద్ద బొత్తాలుంటాయి. పాత డీఎస్ఎల్ఆర్‌ని కూడా తీసిపారేయకండి. దాని వ్యూఫైండర్ అద్దాలతోనే పనిచేస్తుంది, గంటలకొద్దీ కన్ను ఆనించి కాపు కాసినా బ్యాటరీ పెద్దగా ఖర్చు కాదు. నికాన్ డీ850 ఒక్క ఛార్జితో ప్రామాణిక పరీక్షలో 1,840 ఫొటోలు తీస్తుంది, చాలా మిర్రర్‌లెస్‌లు మూడు, నాలుగు వందల దగ్గర ఆగుతాయి. జీవశాస్త్రవేత్త జార్జ్ షాలర్ 1970 డిసెంబరులో పాకిస్తాన్‌లోని చిత్రాల్ కొండల్లో తీసిన మంచు చిరుత ఫొటోలు మరుసటి ఏడాది నేషనల్ జియోగ్రాఫిక్‌లో వచ్చాయి. ఆ రోజుల్లో బెంగ బ్యాటరీ గురించి కాదు, చలికి పెళుసెక్కి విరిగే ఫిల్ము గురించి.

చలి వల్ల సెన్సర్‌కి మేలే కదా అని ఖగోళ ఫొటోలు తీసేవాళ్లు అంటారు. గంటల ఎక్స్‌పోజర్‌కి అది నిజం. సెకనులో ఐదువందలో వంతు ఫొటోలో కనిపించే నాయిస్ వెలుగు చాలకపోవడం వల్ల వచ్చింది, దాన్ని చలి తగ్గించలేదు.

బయట కంటే లోపలికి వచ్చేటప్పుడే ప్రమాదం ఎక్కువ. ఏసీ కారులోంచి నేలపట్టు పక్షుల కేంద్రంలో దిగితే లెన్సు మీద ఆవిరి పట్టడం మనకి తెలుసు. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరు చేరుతుంది. కిబ్బర్ ఇంట్లో పొయ్యి పక్కన 18 డిగ్రీలు, తేమ 50 శాతం ఉందనుకుంటే ఆ హద్దు 7 డిగ్రీలు. మైనస్ ఇరవైలో ఉన్న కెమెరా అక్కడికి వస్తే గాజు మీదే కాదు, సీళ్లు లేని బాడీ అయితే లోపల సర్క్యూట్ల మీద కూడా నీరు పట్టొచ్చు. గుమ్మం బయటే మెమరీ కార్డు తీసేసుకుని, కెమెరాని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి లోపలికి తేవాలి. నీరు సంచి మీద పడుతుంది, కెమెరా నెమ్మదిగా వెచ్చబడుతుంది. మర్నాడు తెల్లవారుజామున మళ్లీ వెళ్లేదుంటే లోపలికి తేకపోవడమే మేలు.

బ్యాటరీలు మాత్రం లోపలికి తేవాల్సిందే. తెచ్చీ తేగానే ఛార్జరులో పెట్టకండి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో ఆ తొందర సహజమే. కానీ సున్నా కంటే చల్లగా ఉన్న బ్యాటరీని ఛార్జి చేస్తే లిథియం గ్రాఫైట్ లోపలికి ఇంకకుండా దాని పైన లోహపు పొరగా పేరుకుంటుంది. సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది, మరీ ముదిరితే లోపల షార్ట్ సర్క్యూట్ కావచ్చు. ముందు భోజనం కానివ్వండి, బ్యాటరీ చేతికి చల్లగా తగలడం మానేశాక ఛార్జరు పెట్టుకోవచ్చు.