బోదకాలు వాపునకు శోషరస మర్దన చికిత్స

బోదకాలు వ్యాధి నియంత్రణకై మన దేశంలో 1955లో జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది. వ్యాధి ఉన్న జిల్లాలలో ప్రజలందరిచేత మాత్రలు మింగించే పద్ధతి 2004లో పెద్దయెత్తున మొదలైంది. పొరుగుదేశాలలో మాల్దీవులు, శ్రీలంక 2016లోను, బంగ్లాదేశ్ 2023లోను ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిన దేశాలుగా గుర్తింపు పొందాయి. అయితే ఈ మాత్రలు వ్యాధి వ్యాప్తిని అరికట్టగలవే గాని, ఏళ్ల తరబడి వాచిన కాలిని మామూలు స్థితికి తేలేవు. ఉత్తరప్రదేశ్, బీహారు, ఒడిశా, కోస్తా ఆంధ్ర ప్రాంతాలలో అట్టి వాపుతోనే పొలం పనులకు పోయేవారు ఎందరో ఉన్నారు.

కణజాలంలోకి ఊరిన ద్రవంలో కొంత భాగాన్ని శోషరస నాళాలు తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. క్యూలెక్స్ దోమకాటు వల్ల ప్రవేశించే ఫైలేరియా పురుగులు ఈ నాళాలలో నివసించి, వాటిని దెబ్బతీస్తాయి. ద్రవం కాలిలోనే నిలిచిపోతుంది. క్రమేణా చర్మం మందమై గట్టిపడుతుంది.

నిలిచిన ద్రవాన్ని చేతులతో కదిలించే పద్ధతిని 1930వ దశకంలో డెన్మార్కు దేశీయులైన ఎమిల్ వోడర్ దంపతులు ఫ్రాన్సులో రూపొందించారు. ఇది ఒళ్లు పట్టడం వంటిది కాదు. సన్నని శోషరస నాళాలు చర్మం కిందనే ఉంటాయి కనుక చర్మం కొద్దిగా సాగేటంత తేలికగానే ఒత్తాలి. మొదట మెడ, పొట్ట, గజ్జల వద్ద, తరువాత తొడ, పిక్క, పాదాల వద్ద మర్దన సాగుతుంది. పంటకాలువలో పూడిక తీసిన తరువాతనే చెరువు తూము ఎత్తినట్లు, ముందు పైదారి తెరిచి పిదప కింది ద్రవాన్ని పైకి పంపడమే ఇందలి సూత్రం.

మర్దన ఒక్కటే చాలదు. వెంటనే పట్టీ కట్టకపోతే వాపు తిరిగి వస్తుంది. వ్యాయామం, చర్మరక్షణ కూడా అవసరం. గుండె బలహీనత, సిరలలో రక్తపు గడ్డ, జ్వరంతో కూడిన చర్మపు వాపు ఉన్నప్పుడు మర్దన చేయరాదు. అందువల్ల వైద్యపరీక్ష, శిక్షణ పొందిన చేతులు తప్పనిసరి.

కేరళలోని కాసరగోడులో ఒక చర్మవ్యాధి వైద్య సంస్థ ఆయుర్వేదం, యోగాసనాలు, ఆధునిక వైద్యం మేళవించి ఈ వాపునకు చికిత్స చేస్తున్నది. రోగి ఇంటివద్ద చేసుకోదగినవీ ఉన్నాయి: రోజూ కాలిని సబ్బుతో కడగడం, వేళ్ల సందులు తడి లేకుండా తుడవడం, చిన్న గాయాన్నైనా అశ్రద్ధ చేయకపోవడం, పడుకున్నప్పుడు కాలిని ఎత్తుగా ఉంచడం. వీటివలన పదేపదే వచ్చే జ్వరాలు తగ్గుతాయి, పనిదినాలు మిగులుతాయి. వాపు పూర్తిగా పోకపోవచ్చు. కాని అది ముదరకుండా ఆపడం సాధ్యమే. బోదకాలును తప్పించుకోలేని కర్మఫలంగా భావించి ఇంట కూర్చోనక్కరలేదు.