పాత బాకీ కొత్త ఉద్యోగానికి అడ్డుపడితే

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆర్మీకో, నేవీకో, బ్యాంకు పరీక్షకో తయారయ్యే కుర్రాళ్లు లేని ఊరు అరుదు. సన్న ఖద్దరుకు పేరుపడ్డ పొందూరూ అంతే. పరుగు, ఎత్తు, రాతపరీక్ష, పోలీసు వెరిఫికేషన్ సంగతి అందరికీ తెలుసు. ఎప్పుడో ఫోన్లో యాప్ ద్వారా తీసుకుని కట్టడం మానేసిన అప్పు కూడా ఉద్యోగం ముందు నిలబడొచ్చని మాత్రం చాలామందికి తట్టదు.

ఈ విషయాన్ని బాగా విడమరిచి రాసుకున్న దేశం అమెరికా. అక్కడ రక్షణశాఖ ప్రాజెక్టుల్లో రహస్య సమాచారం చూడాలంటే సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. గ్రీన్‌కార్డు చాలదు, పౌరసత్వం ఉండాలి. పౌరులైన మన తెలుగు ఇంజినీర్లు అలాంటి ఉద్యోగానికి వెళ్తే ఎస్‌ఎఫ్-86 అనే దరఖాస్తు నింపాలి. అందులో 26వ విభాగమంతా డబ్బు గురించే. గత ఏడేళ్లలో ఏదైనా బాకీ 120 రోజులు దాటిందా? దివాలా పిటిషన్ వేశారా? పన్ను ఎగ్గొట్టారా? జీతం జప్తయిందా?

ఇంత ఆరా ఎందుకో రొనాల్డ్ పెల్టన్ కథ చెబుతుంది. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏలో పనిచేసిన అతను 1979లో దివాలా తీశాడు. ఉద్యోగం మానేసి, 1980 జనవరిలో వాషింగ్టన్‌లోని సోవియట్ ఎంబసీ గడప తొక్కాడు. సముద్రం అడుగున సోవియట్ కేబుల్‌కు అమెరికా తగిలించిన నిఘా యంత్రం గుట్టు అతని నోటినుంచే బయటపడింది. ప్రతిఫలంగా ముట్టింది సుమారు 35 వేల డాలర్లు. 1986లో యావజ్జీవ శిక్ష పడింది.

మన దగ్గరా 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ పోలీసులు ‘డాల్ఫిన్స్ నోస్’ పేరుతో జరిపిన ఆపరేషన్‌లో ఏడుగురు నౌకాదళ సిబ్బంది, ఒక హవాలా వ్యాపారి అరెస్టయ్యారు. గూఢచారులు సోషల్ మీడియా స్నేహాలతో ఈ సిబ్బందికి వల వేశారని, డబ్బు హవాలా దారిలో చేరిందని ఆరోపణ. అది అప్పుల కేసు కాదు. కానీ డబ్బు ఎరగా ఎలా పనికొస్తుందో అందులోనూ కనిపిస్తుంది.

అలాగని అప్పున్న ప్రతివాడినీ అమెరికా అనుమానించదు. 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో ‘ఎఫ్’ విభాగం అప్పు వెనకున్న కారణం అడుగుతుంది. ఉద్యోగం పోయిందా, జబ్బు చేసిందా, విడాకులయ్యాయా, ఎవరైనా మోసం చేశారా? ఆ తర్వాత అప్పిచ్చినవాళ్లతో మాట్లాడుకుని వాయిదాలు కడుతున్నాడా? బాకీని కావాలని దాచిపెడితే మాత్రం ఆ అబద్ధమే విడిగా మరో అభ్యంతరమవుతుంది.

మన దేశంలోనూ కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిలోని 17వ నిబంధన, అదేపనిగా అప్పుల్లో కూరుకుపోకుండా చూసుకోవాలని ఉద్యోగికి చెబుతుంది. బ్యాంకు ఉద్యోగాల్లో అయితే చేరకముందే చూస్తారు. స్టేట్ బ్యాంకు 2020 నోటిఫికేషన్‌లో ఎంపికైన ఒక అభ్యర్థి నియామకాన్ని, అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ రిపోర్టు బాగాలేదని 2021లో రద్దు చేసింది. నోటిఫికేషన్ నాటికే బాకీలు తీర్చేశానని అతను వాదించినా, 2025లో మద్రాసు హైకోర్టు బ్యాంకు వైపే నిలిచింది. ప్రజల సొమ్ము చూసేవాళ్లకు ఆర్థిక క్రమశిక్షణ ఉండాలన్నది న్యాయమే. అయినా తల్లి ఆపరేషన్‌కు అప్పుచేసి రెండు వాయిదాలు తప్పిన కుర్రాడినీ, జల్సాలకు కార్డు గీకినవాడినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కారణం అడిగే పద్ధతి ఇక్కడా రావాలి.

అంతవరకూ అభ్యర్థి తన రిపోర్టు తానే చదువుకోవాలి. స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది గానీ, అసలు చూడాల్సింది కింద నెలవారీగా ఉండే గడులు. 000 అంటే వాయిదా సమయానికి కట్టినట్టు. 090 అంటే 90 రోజులు ఆలస్యమైనట్టు. ‘క్లోజ్డ్’ అని ఉంటే బాకీ పూర్తిగా తీరింది. ‘సెటిల్డ్’ అని ఉంటే బ్యాంకు కొంత వదులుకుని రాజీపడింది. ఆ మాట చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకోకూడదు. స్నేహితుడి లోన్‌కు మొహమాటపడి చేసిన హామీ సంతకం కూడా ఈ రిపోర్టులోకి ఎక్కుతుంది.

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ - ఇలాంటి రిపోర్టులు తయారుచేసే ఈ నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. బాకీ తీర్చాక లోన్ ఇచ్చిన సంస్థ దగ్గర బాకీ లేదనే పత్రం (ఎన్‌ఓసీ) తీసుకుని దాచుకోవాలి. రిపోర్టులో తప్పు కనిపిస్తే ఫిర్యాదు చేయొచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం రాబట్టుకోవచ్చు.